విస్తరణ బోర్డులకు విద్యుత్తు చాలనప్పుడు: సమస్య స్వరూపం, నిర్ధారణ క్రమం

వ్యాససంగ్రహం:

కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు వంటి విస్తరణ బోర్డును అమర్చిన తరువాత యంత్రం హఠాత్తుగా ఆగిపోవడం, తనంతట తానే మళ్లీ మొదలవడం, తెర వెలగకపోవడం వంటి ఇబ్బందులు తరచుగా ఎదురవుతుంటాయి. అటువంటప్పుడు లోపాన్ని కొత్తగా వచ్చిన బోర్డుకే ఆపాదించడం పరిపాటి. చాలా సందర్భాలలో లోపం బోర్డులో ఉండదు. దానికి విద్యుత్తు చేరే మార్గంలో ఉంటుంది. 'కరెంటు ఉన్నది' అనే ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా ఎంత విద్యుత్తు, ఏ మార్గంలో, ఏ క్షణంలో అందుతున్నదని విడివిడిగా ప్రశ్నించడమే నిర్ధారణకు మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విద్యుత్ సరఫరా యూనిట్ లేబుల్‌ను చదివే పద్ధతి, బోర్డుకు విద్యుత్తు అందే మార్గాల పరిమితులు, లక్షణాల వర్గీకరణ, నిర్ధారణ క్రమం ఇందులో వివరించబడ్డాయి.

కీలకపదాలు: విస్తరణ బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్, ఓల్టేజి, ఆంపియర్, వాట్, యూపీఎస్, ఎర్తింగ్.

1. ఉపోద్ఘాతం:

భాషాసాహిత్య శాఖలలో కంప్యూటర్ వినియోగం చాలాకాలంపాటు టైపింగ్‌కూ, ముద్రణకూ పరిమితమై ఉండేది. ఇప్పుడు ఆ పరిధి విస్తరించింది. పాత గ్రంథాల ముద్రిత పుటలను అక్షరగుర్తింపు ద్వారా పాఠంగా మార్చడం, జానపద గేయాల ధ్వనిముద్రణలను శుభ్రపరచడం, మాండలిక ప్రసంగాలతో వాక్కును గుర్తించే నమూనాలకు శిక్షణ ఇవ్వడం వంటి పనులు పరిశోధనలో భాగమయ్యాయి. ఈ పనులలో కొన్నింటికి గ్రాఫిక్స్ కార్డు, మరికొన్నింటికి మేలైన సౌండ్ కార్డు, అదనపు డిస్కుల కంట్రోలర్ అవసరమవుతాయి. అయితే వీటిని అమర్చే యంత్రం సాధారణంగా కొత్తది కాదు. టైపింగ్ కోసం కొన్న పాత డెస్క్‌టాప్‌లోనే కొత్త కార్డు వచ్చి చేరుతుంది.

చిక్కు అక్కడే మొదలవుతుంది. యంత్రం వెలుగుతుంది, తెర కనిపిస్తుంది, టైపింగ్ సాగుతుంది. శిక్షణ కార్యక్రమం మొదలైన కొద్ది నిమిషాలకు ఒక్కసారిగా ఆరిపోతుంది. కార్డును వెనక్కి పంపుతారు. బదులు వచ్చిన కార్డూ అలాగే ప్రవర్తిస్తుంది. ఈలోగా నష్టం కార్డు ధరతో ఆగదు. ఫైలు రాస్తున్న క్షణంలో యంత్రం ఆరిపోతే ఆ ఫైలు చెడిపోవచ్చు. నెలల తరబడి దోషాలు దిద్దిన పాఠం ఒక్క క్షణంలో నిరుపయోగం కావచ్చు. అందువల్ల విద్యుత్ సరఫరా విషయాన్ని కేవలం సాంకేతిక సిబ్బందికి వదిలివేయదగినదిగా కాక, పరిశోధన సామగ్రి పరిరక్షణలో భాగంగా గ్రహించవలసి ఉన్నది.

2. చారిత్రక నేపథ్యం:

విస్తరణ బోర్డులకు విద్యుత్తు చాలకపోవడం నేటి సమస్య కాదు. అది వ్యక్తిగత కంప్యూటర్‌తో పాటే పుట్టింది. 1981లో ఐబీఎం విడుదల చేసిన పీసీలో 5 విస్తరణ స్లాట్లు ఉండగా, విద్యుత్ సరఫరా యూనిట్ సామర్థ్యం 63.5 వాట్లు మాత్రమే. దానికి హార్డ్ డిస్కును, మరికొన్ని కార్డులను చేర్చదలచినవారికి ఆ సరఫరా చాలేది కాదు. ఐబీఎం అందించిన విస్తరణ పెట్టెలో స్లాట్లతో పాటు ప్రత్యేక విద్యుత్ సరఫరా యూనిట్ కూడా ఉండేది. 1983లో వచ్చిన పీసీ ఎక్స్‌టీలో స్లాట్ల సంఖ్య 8కి పెరిగింది, సరఫరా సామర్థ్యం 130 వాట్లకు చేరింది. 1984 నాటి పీసీ ఏటీలో అది 192 వాట్లయింది. స్లాట్లు ఖాళీగా ఉన్నంత మాత్రాన వాటిని నింపడానికి తగిన విద్యుత్తు ఉన్నట్లు కాదన్న విషయం అప్పుడే స్పష్టమైంది.

1992లో వచ్చిన పీసీఐ ప్రమాణం ఒక్కో కార్డుకు 25 వాట్ల గరిష్ఠ పరిమితిని విధించింది. 1995లో ఇంటెల్ ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ ప్రమాణం సరఫరా యూనిట్ ఆకారాన్నీ, కనెక్టర్లనూ ఒక క్రమంలోకి తెచ్చింది. 2003లో వెలువడిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణంతో గ్రాఫిక్స్ కార్డు స్లాటు నుంచే 75 వాట్ల వరకు తీసుకొనే వీలు కలిగింది. అంతకు మించి కావలసిన కార్డులకు ప్రత్యేక కేబుళ్లు వచ్చాయి. కార్డుల అవసరం పెరిగిన ప్రతిసారీ ప్రమాణం మారింది. కానీ బల్లమీది పాత యంత్రం మారలేదు. నేటి చిక్కులలో అధికభాగం ఈ అంతరం నుంచి పుట్టినవే.

3. 'కరెంటు' - అర్థవిస్తృతి, నిర్ధారణలో దాని ఫలితం:

తెలుగు వ్యవహారంలో 'కరెంటు' అన్న మాట విద్యుత్తుకు సంబంధించిన సమస్తాన్నీ సూచిస్తుంది. 'కరెంటు పోయింది' అన్నప్పుడు సరఫరా నిలిచిందని, 'కరెంటు తక్కువగా వస్తోంది' అన్నప్పుడు ఓల్టేజి పడిపోయిందని, 'ఈ మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది' అన్నప్పుడు వినియోగం అధికమని అర్థం. నిత్యవ్యవహారంలో సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుంది కనుక ఇబ్బంది లేదు. లోపనిర్ధారణలో మాత్రం ఈ మూడింటినీ వేరుచేయక తప్పదు.

పాఠ్యపుస్తకాల పరిభాషలో ఇవి పొటెన్షియల్ భేదం, విద్యుత్ ప్రవాహం, విద్యుత్ సామర్థ్యం. వాటి ప్రమాణాలు వరుసగా ఓల్టు, ఆంపియర్, వాట్. మేడమీది నీళ్లట్యాంకు ఎంత ఎత్తులో ఉన్నదో ఓల్టేజి వంటిది. గొట్టంలో ఎంత నీరు పారుతున్నదో ఆంపియర్ల వంటిది. ఈ రెండింటి లబ్ధమే వాట్లు. 12 ఓల్టుల వద్ద 10 ఆంపియర్లు ప్రవహిస్తే వినియోగం 120 వాట్లు. ట్యాంకు నిండుగా ఉన్నా గొట్టం సన్నగా ఉంటే కుళాయిలో ధార పలచబడినట్లే, సరఫరా యూనిట్ మొత్తం సామర్థ్యం పెద్దదైనా నిర్దిష్టమైన మార్గంలో బోర్డుకు అందవలసినంత అందకపోవచ్చు.

ఇటువంటి అయోమయమే 'సీపీయూ' అన్న మాటతోనూ ఏర్పడుతుంది. వ్యవహారంలో అది మొత్తం పెట్టెకు పేరు. సాంకేతికంగా అది లోపలి ప్రాసెసర్ మాత్రమే. 'సీపీయూకు పవర్ రావడం లేదు' అన్న ఫిర్యాదు విన్న సాంకేతిక నిపుణుడు పెట్టె వెనుక ఉన్న కేబుల్‌ను చూడాలో, మదర్‌బోర్డు మీది ప్రాసెసర్ కనెక్టర్‌ను చూడాలో ఆ వాక్యం చెప్పదు.

4. ఎస్‌ఎంపీఎస్ - లేబుల్ పఠనం:

విద్యుత్ సరఫరా యూనిట్‌ను మన ప్రాంతపు దుకాణాలలో, సర్వీస్ సెంటర్లలో ఎస్‌ఎంపీఎస్ అంటారు. స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై అన్న పేరుకు ఇది సంక్షిప్తరూపం. గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 ఓల్టుల ఏసీ విద్యుత్తును ఇది 12, 5, 3.3 ఓల్టుల డీసీ విద్యుత్తుగా మారుస్తుంది. కేబుళ్ల రంగులు వీటిని సూచిస్తాయి. సంప్రదాయిక రంగుల పద్ధతిలో పసుపు 12 ఓల్టులకు, ఎరుపు 5 ఓల్టులకు, నారింజ 3.3 ఓల్టులకు, నలుపు గ్రౌండుకు గుర్తు. ఊదా రంగు తీగలో 5 ఓల్టుల స్టాండ్‌బై విద్యుత్తు ఉంటుంది. యంత్రాన్ని ఆపివేసినా, ప్లగ్గు తీయనంతవరకు ఈ తీగ ద్వారా మదర్‌బోర్డుకు విద్యుత్తు చేరుతూనే ఉంటుంది. బోర్డును అమర్చే ముందు షట్‌డౌన్ చేస్తే చాలదని, ప్లగ్గు తీసి తీరాలని చెప్పడానికి కారణం ఇదే.

ఎస్‌ఎంపీఎస్ పక్కభాగాన అంటించిన లేబుల్‌పై పెద్ద అక్షరాలతో మొత్తం వాట్లు ఉంటాయి. నిర్ధారణకు అవసరమైన సమాచారం ఆ అంకెలో కాక, దాని కింది చిన్న పట్టికలో ఉంటుంది. అక్కడ ఒక్కో ఓల్టేజి వద్ద గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో రాసి ఉంటుంది. పాత తరపు యూనిట్లు 5, 3.3 ఓల్టుల వద్ద ఎక్కువ సామర్థ్యాన్ని కేటాయించేవి. నేటి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు తమ అవసరంలో అధికభాగాన్ని 12 ఓల్టుల నుంచే తీసుకుంటాయి. కాబట్టి ఒకే మొత్తం వాట్లున్న రెండు యూనిట్లలో 12 ఓల్టుల వరుసలోని ఆంపియర్లు ఎక్కువగా ఉన్నదే కార్డుకు తగినది.

కొన్ని లేబుళ్లపై 12 ఓల్టుల వరుస ఒకటికి బదులు రెండుగా కనిపిస్తుంది. వీటిని రైళ్లు అంటారు. ఒక్కో రైలుకు వేర్వేరు పరిమితి ఉంటుంది. రెండింటికీ కలిపి మరొక ఉమ్మడి పరిమితి ఉంటుంది. రెండు వరుసల ఆంపియర్లను నేరుగా కూడడం సరికాదు. ఉమ్మడి పరిమితినే ప్రమాణంగా తీసుకోవాలి.

5. బోర్డుకు విద్యుత్తు అందే మార్గాలు:

విస్తరణ బోర్డుకు విద్యుత్తు రెండు మార్గాలలో అందుతుంది. మొదటిది స్లాటు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 16 లేన్ల స్లాటు గ్రాఫిక్స్ కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. ఇందులో 12 ఓల్టుల వద్ద 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లు; మిగిలినది 3.3 ఓల్టుల వద్ద లభిస్తుంది. ఒక లేన్ గల చిన్న స్లాటు మొదట 10 వాట్లు మాత్రమే ఇస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు ప్రమాణం ప్రకారం 5 ఓల్టుల వద్ద 0.9 ఆంపియర్లు, అంటే 4.5 వాట్లు ఇవ్వవలసి ఉంటుంది. నాలుగు పోర్టులున్న కార్డుకు ఆ లెక్కన 18 వాట్లు కావాలి. అందుకే చాలా యూఎస్‌బీ కార్డులపై ప్రత్యేక విద్యుత్ కనెక్టర్ కనిపిస్తుంది. దానిని కలపకుండా వదిలితే కార్డు గుర్తింపు పొందుతుంది. బాహ్య డిస్కును తగిలించగానే ఆ డిస్కు మాయమవుతుంది.

రెండవ మార్గం ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే కేబుల్. 6 పిన్నుల కనెక్టర్ ద్వారా 75 వాట్లు, 8 పిన్నుల కనెక్టర్ ద్వారా 150 వాట్లు లభిస్తాయి. 2022లో వచ్చిన 16 పిన్నుల కనెక్టర్ 600 వాట్ల వరకు ఇవ్వగలదు. మదర్‌బోర్డులో ప్రాసెసర్ కోసం ఉండే 8 పిన్నుల కనెక్టర్ చూడడానికి గ్రాఫిక్స్ కార్డు కనెక్టర్‌లాగే ఉంటుంది, కానీ పిన్నుల అమరిక వేరు. బలవంతంగా ఒకదానికి బదులు మరొకటి కలిపితే 12 ఓల్టులకూ గ్రౌండుకూ షార్ట్ ఏర్పడుతుంది.

తగిన కేబుల్ లేనప్పుడు దుకాణాలలో దొరికే మార్పిడి కేబుళ్లను ఆశ్రయించడం కనిపిస్తుంది. ఇక్కడ చిన్న లెక్క అవసరం. సాటా విద్యుత్ కనెక్టర్‌లో 12 ఓల్టులకు 3 పిన్నులుంటాయి. ఒక్కో పిన్ను 1.5 ఆంపియర్లకు ఉద్దేశించింది. మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దానినుంచి 75 వాట్ల 6 పిన్నుల కనెక్టర్‌ను గానీ, 150 వాట్ల 8 పిన్నుల కనెక్టర్‌ను గానీ తీయడమంటే మార్గం భరించగలిగినదానికంటే ఎక్కువ కోరడమే. కనెక్టర్ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. మంట పుట్టే ప్రమాదమూ ఉంది.

6. ఒక ఉదాహరణ లెక్క:

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 కార్డు వినియోగం 170 వాట్లు. దానికి తయారీదారు సూచించిన ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం 550 వాట్లు. ఈ కార్డును ఒక డెస్క్‌టాప్‌లో అమర్చారని అనుకుందాం. ప్రాసెసర్‌కు 100 వాట్లు, మదర్‌బోర్డు, ర్యామ్‌లకు 50, డిస్కులు, ఫ్యాన్లకు 20, కార్డుకు 170 చొప్పున వేస్తే మొత్తం 340 వాట్లు. ఎస్‌ఎంపీఎస్ లేబుల్‌పై 450 వాట్లని ఉంటే 110 వాట్లు మిగులుతున్నట్లే కనిపిస్తుంది.

ఇప్పుడు అదే లేబుల్ పట్టికలో 12 ఓల్టుల వద్ద 20 ఆంపియర్లని ఉందనుకుందాం. అంటే 240 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్‌ల 50 వాట్లను పూర్తిగా ఇతర ఓల్టేజీల ఖాతాలో వేసినా, 12 ఓల్టుల మీద పడే భారం 290 వాట్లు, అంటే సుమారు 24 ఆంపియర్లు. మొత్తం లెక్కలో మిగులు, 12 ఓల్టుల లెక్కలో లోటు. టైపింగ్ చేస్తున్నంతసేపు ప్రాసెసర్, కార్డు రెండూ తక్కువ తీసుకుంటాయి కనుక ఈ లోటు బయటపడదు. రెండూ పూర్తి భారంతో పనిచేసినప్పుడే బయటపడుతుంది.

తయారీదారు 340కి బదులు 550 వాట్లు సూచించడంలో మరొక కారణం ఉంది. కార్డు వినియోగం నిలకడగా ఉండదు. సెకనులో అతిస్వల్ప భాగంపాటు సగటుకంటే బాగా ఎక్కువ విద్యుత్తును లాగుతుంది. ఈ క్షణికమైన ఉద్ధృతిని తట్టుకోలేని యూనిట్‌లోని రక్షణ వ్యవస్థ సరఫరాను నిలిపివేస్తుంది. 2022 నాటి ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, 450 వాట్లకు మించిన యూనిట్లు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెండింతల భారాన్ని భరించాలని నిర్దేశించడానికి నేపథ్యం ఇదే.

7. లక్షణాల వర్గీకరణ:

లోపం ఎప్పుడు కనిపిస్తున్నదన్నదే దాని స్థానాన్ని సూచించే ప్రధానమైన ఆధారం.

7.1. బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోవడం: షార్ట్ సర్క్యూట్‌ను గుర్తించి రక్షణ వ్యవస్థ పనిచేసిందని దీని అర్థం. క్యాబినెట్‌లో జారిపడిన స్క్రూ, వంకరగా కూర్చున్న కార్డు, పొరపాటున కలిపిన కేబుల్ కారణాలు కావచ్చు. విడదీసి అమర్చుకొనే కేబుళ్లున్న ఎస్‌ఎంపీఎస్‌లలో ఒక యూనిట్ కేబుల్‌ను మరొక యూనిట్‌కు వాడకూడదు. కార్డు వైపు ఆకారం ఒకటే అయినా, యూనిట్ వైపు పిన్నుల క్రమం తయారీదారును బట్టి మారుతుంది.

7.2. ఫ్యాన్లు తిరుగుతూ తెర వెలగకపోవడం: కార్డుపై కనెక్టర్ కలపకపోవడం, కార్డును అమర్చేటప్పుడు ప్రాసెసర్ విద్యుత్ కేబుల్ ఊడిపోవడం, మానిటర్ కేబుల్ ఇంకా మదర్‌బోర్డు పోర్టుకే ఉండిపోవడం ప్రధాన కారణాలు. చివరిదానికి విద్యుత్తుతో సంబంధమే లేదు.

7.3. భారం పెరిగినప్పుడు హఠాత్తుగా ఆరిపోవడం లేదా రీస్టార్ట్ కావడం: 12 ఓల్టుల సరఫరా చాలకపోవడానికి ఇది ముఖ్యమైన సూచన. వేడి వల్ల కలిగే ఇబ్బంది సాధారణంగా వేగం తగ్గడంతో మొదలవుతుంది. సరఫరా లోపం ముందస్తు సూచన లేకుండా వస్తుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు కనిపించినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ దోషి అని తీర్మానించరాదు. యంత్రం సక్రమంగా ఆపకుండా ఆగిందని మాత్రమే ఆ నమోదు చెబుతుంది. ఎందుకు ఆగిందో చెప్పదు.

7.4. యంత్రం నడుస్తూనే కార్డు పనిచేయకపోవడం: డివైస్ మేనేజర్‌లో కోడ్ 12 కనిపిస్తే తగినన్ని వనరులు లేవని సందేశం వస్తుంది. ఇక్కడ వనరులంటే మెమరీ చిరునామాల వంటివి, విద్యుత్తు కాదు. ఈ సందేశాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ మార్చడం వృథా.

7.5. కరెంటు రెపరెపలాడినప్పుడు, పక్కగదిలో మోటారు వేసినప్పుడు ఆరిపోవడం: లోపాన్ని గోడవైపు వెతకాలి. దీనిని 9వ విభాగంలో వివరించడమైనది.

8. నిర్ధారణ క్రమం:

ప్రాచీన కావ్య పరిష్కరణలో ప్రతులను పోల్చే పండితుడు ఒక్కో పాఠభేదాన్ని విడిగా పరిశీలించి నిర్ణయానికి వస్తాడు. లోపనిర్ధారణలోనూ ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. కార్డు, కేబుల్, డ్రైవర్ మూడింటినీ ఒకేసారి మార్చితే యంత్రం బాగుపడవచ్చు గానీ కారణం తెలియదు.

8.1. ముందుగా సమాచార రక్షణ: అస్థిరంగా ఉన్న యంత్రంలో ఏ పరీక్ష చేసే ముందైనా పాఠాలు, ధ్వనిముద్రణలు మరొక డిస్కుకు చేర్చాలి. పరీక్షలన్నీ యంత్రాన్ని మళ్లీమళ్లీ ఆరిపోయేలా చేసేవే.

8.2. పూర్వస్థితికి రావడం: ప్లగ్గు తీసి, కార్డును తొలగించి, ప్రాసెసర్‌లో అంతర్గత గ్రాఫిక్స్ ఉంటే దానితో యంత్రాన్ని నడపాలి. లోపం కొనసాగితే దానికి కార్డు కారణం కాదు.

8.3. అమరికను సరిచూడడం: కార్డును స్లాటులో క్లిప్పు పడేవరకు నొక్కి కూర్చోబెట్టాలి. అన్ని కనెక్టర్లనూ తీసి మళ్లీ పెట్టాలి. రెండు కనెక్టర్లు కోరే కార్డుకు వీలైతే రెండు వేర్వేరు కేబుళ్లు వాడాలి. 150 వాట్లంటే 12.5 ఆంపియర్లు, అంత ప్రవాహంలో లూజ్ కాంటాక్ట్ కొద్దిగా ఉన్నా అక్కడ వేడి పుడుతుంది, ఓల్టేజి పడిపోతుంది. కనెక్టర్‌పై గోధుమరంగు మచ్చ కనిపిస్తే దానిని ఇక వాడకూడదు.

8.4. భారంలో కొలవడం: మల్టీమీటర్‌తో ఖాళీగా ఉన్న డిస్కు కనెక్టర్ వద్ద పసుపు, నలుపు తీగల మధ్య ఓల్టేజిని కొలవాలి. ప్రమాణం ప్రకారం 5 శాతం హెచ్చుతగ్గులు అనుమతించదగినవి, అంటే 11.4 నుంచి 12.6 ఓల్టుల వరకు. 5 ఓల్టుల తీగకు 4.75 నుంచి 5.25 వరకు. యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు కాక, పని సాగుతుండగా కొలిచిన విలువే ప్రమాణం. అయితే మైక్రోసెకన్ల పాటు జరిగే పతనాన్ని మల్టీమీటర్ చూపలేదు. కొలత బాగా లేకపోతే సరఫరా దోషం నిశ్చయమవుతుంది. కొలత బాగున్నంత మాత్రాన సరఫరా నిర్దోషమని తేలదు.

8.5. అవసరాన్ని తగ్గించి చూడడం: ఎన్విడియా కార్డులతో వచ్చే ఎన్విడియా ఎస్‌ఎంఐ అనే సాధనంతో వినియోగ పరిమితిని తగ్గించవచ్చు. పై ఉదాహరణలోని కార్డును 120 వాట్లకు పరిమితం చేసి, అదే పనిని మళ్లీ నడపాలి. లోపం తొలగిపోతే అనుమానం సరఫరా మీదికీ, వేడి మీదికీ కుదించుకుంటుంది. కార్డు ఉష్ణోగ్రతను చూస్తే ఆ రెండింటిలో ఏదో తేలుతుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష కొత్త యూనిట్ వచ్చేలోగా తాత్కాలిక పరిష్కారంగానూ ఉపయోగపడుతుంది.

8.6. పరస్పర మార్పిడి: ఈ కార్డును తగిన సరఫరా ఉన్న మరో యంత్రంలోనూ, సరిగా పనిచేస్తున్న మరో ఎస్‌ఎంపీఎస్‌ను ఈ యంత్రంలోనూ పరీక్షించాలి. లోపం దేనితో పాటు ప్రయాణిస్తే అదే దోషి. ఒకవైపు మార్పిడితో తీర్మానానికి రావడం తొందరపాటు.

ఈ క్రమంలో ఎస్‌ఎంపీఎస్ డబ్బాను విప్పడం లేదని గమనించాలి. 230 ఓల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు లోపలి కెపాసిటర్లలో సుమారు 325 ఓల్టులు నిలుస్తాయి. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు అవి ప్రాణాపాయకరం.

9. గోడవైపు కారణాలు:

9.1. యూపీఎస్ సామర్థ్యం: కళాశాలల్లోని చాలా డెస్క్‌టాప్‌లకు 600 వీఏ యూపీఎస్ ఉంటుంది. వీఏ, వాట్లు ఒకటి కావు. పవర్ ఫ్యాక్టర్ 0.6 ఉన్న అటువంటి యూపీఎస్ ఇవ్వగలిగింది 360 వాట్లు. ముందు చెప్పిన ఉదాహరణలో యంత్రానికి లోపల 340 వాట్లు కావాలి. ఎస్‌ఎంపీఎస్ దక్షత 85 శాతమైతే గోడనుంచి 400 వాట్లు తీసుకుంటుంది. కరెంటు ఉన్నంతసేపు అంతా సవ్యంగానే సాగుతుంది. కరెంటు పోగానే భారం బ్యాటరీపై పడి, అధికభారంతో యూపీఎస్ నిలిచిపోతుంది. కార్డు వేయకముందు కాపాడిన యూపీఎస్, కార్డు వేశాక కాపాడలేకపోవడానికి కారణం బ్యాటరీ పాతబడడం ఒక్కటే కాకపోవచ్చు.

9.2. మార్పిడి వ్యవధి: ఎస్‌ఎంపీఎస్ పూర్తి భారంలో సుమారు 16 మిల్లీసెకన్ల పాటు మాత్రమే సరఫరా లేకుండా నిలదొక్కుకోగలదు. 50 హెర్ట్జ్ ఏసీలో ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. ఇంటి ఇన్వర్టర్లను సాధారణ స్థితిలో ఉంచితే బ్యాటరీకి మారడానికి ఇంతకంటే ఎక్కువ సమయం పట్టవచ్చు. యూపీఎస్ స్థితికి మార్చుకొనే మీట ఉంటే దానిని వాడాలి. భారం తక్కువగా ఉన్నప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఎక్కువసేపు నిలుస్తుంది కనుక కార్డు చేరకముందు ఈ లోపం కనిపించకపోవచ్చు.

9.3. తక్కువ ఓల్టేజి: కొన్ని పాత యూనిట్ల వెనుక 115, 230 అని మార్చుకొనే మీట ఉంటుంది. మన దేశంలో అది 230 వద్దనే ఉండాలి. వేసవి సాయంత్రాలలో ఓల్టేజి బాగా పడిపోయే ప్రాంతాలలో సుమారు 90 నుంచి 264 ఓల్టుల వరకు స్వీకరించే యూనిట్లు మేలు.

9.4. ఎర్తింగ్: మూడు పిన్నుల ప్లగ్గులోని పెద్ద పిన్నుకు భూమితో సంబంధం లేకపోతే, ఎస్‌ఎంపీఎస్‌లోని వడపోత కెపాసిటర్ల కారణంగా క్యాబినెట్‌పై సరఫరాలో సుమారు సగం ఓల్టేజి తేలుతుంది. ప్రవాహం స్వల్పమే గనుక తాకినప్పుడు జిల్లుమంటుంది. సౌండ్ కార్డు వాడేవారికి దీని ఫలితం మరో రూపంలో వినిపిస్తుంది. ధ్వనిముద్రణలో 50 హెర్ట్జ్, దాని గుణిజాల వద్ద ఎడతెగని గుంయ్‌మనే శబ్దం చేరుతుంది. జానపద గాయకుల నుంచి మరొకసారి సేకరించే వీలులేని పాటలో ఆ శబ్దం చేరితే తరువాత పూర్తిగా తొలగించడం కష్టం. కార్డు మార్చేముందు గదిలోని ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత పరీక్షింపజేయడం అవసరం.

10. పరిష్కార మార్గాలు:

సరఫరా చాలదని తేలినప్పుడు రెండు దారులున్నాయి: సరఫరాను పెంచడం, అవసరాన్ని తగ్గించడం. మొదటిదానిలో కొత్త ఎస్‌ఎంపీఎస్‌ను మొత్తం వాట్లను బట్టి కాక 12 ఓల్టుల ఆంపియర్లు, కార్డుకు కావలసిన కనెక్టర్ల సంఖ్యను బట్టి ఎంపిక చేయాలి. ప్రముఖ సంస్థల ఆఫీసు డెస్క్‌టాప్‌లలో సరఫరా యూనిట్ ఆకారం, మదర్‌బోర్డు కనెక్టర్ తరచుగా ఏటీఎక్స్ ప్రమాణానికి భిన్నంగా ఉంటాయి. బయట కొన్న యూనిట్ వాటిలో ఇమడకపోవచ్చు. కొనేముందు పాత యూనిట్‌ను కొలిచి, పిన్నులు లెక్కించి చూడాలి.

రెండవ దారి తరచుగా విస్మరణకు గురవుతున్నది. అక్షరగుర్తింపు సాధనమైన టెసరాక్ట్ తెలుగు పాఠాన్ని గుర్తించడానికి ప్రాసెసర్ చాలు. గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. పుటలను పాఠంగా మార్చడం వరకే పని అయితే కార్డు కొనవలసిన అవసరమే ఉండదు. పెద్ద నమూనాలకు శిక్షణ ఇచ్చేవారికి కార్డు ఆవశ్యకం. అదనపు మానిటర్, సాధారణ వీడియో పని మాత్రమే అయితే స్లాటు విద్యుత్తుతోనే నడిచే, 75 వాట్లకు మించని కార్డులు ఉన్నాయి. చేయబోయే పని ఏమిటో తేలితేనే కావలసిన వాట్లు తేలుతాయి.

11. ముగింపు:

ఈ పరిశీలన వల్ల కింది అంశాలు స్పష్టమవుతున్నాయి.

1. విస్తరణ బోర్డు అమర్చాక వచ్చే లోపం బోర్డుదే కానక్కరలేదు. ఎస్‌ఎంపీఎస్, కేబుల్, స్లాటు, యూపీఎస్, గోడ ప్లగ్గు అన్నీ అదే మార్గంలోని అంగాలు.

2. మొత్తం వాట్లు సరిపోవడం, 12 ఓల్టుల సరఫరా సరిపోవడం వేర్వేరు విషయాలు.

3. లోపం కనిపించే సమయమే దాని స్థానానికి ప్రధాన సూచన.

4. ఒకసారి ఒక్క మార్పు, రెండువైపుల మార్పిడి లేకుండా చేసిన తీర్మానం ఊహ మాత్రమే.

ఫిర్యాదు పుస్తకంలో 'కంప్యూటర్ పనిచేయడం లేదు' అని రాయడానికీ, 'కార్డు వేశాక టైపింగ్‌లో బాగుంది. శిక్షణ మొదలైన మూడు నిమిషాలకు ఆరిపోయింది. 120 వాట్లకు పరిమితం చేస్తే నడిచింది' అని రాయడానికీ ఎంతో తేడా ఉంది. రెండవ వాక్యం చదివిన సాంకేతిక నిపుణుడు సగం పని పూర్తయిన చోట మొదలుపెడతాడు. అలాగే పరిశోధన ప్రాజెక్టుల కొనుగోలు ప్రతిపాదనలలో గ్రాఫిక్స్ కార్డు ధరతో పాటు తగిన ఎస్‌ఎంపీఎస్, తగిన యూపీఎస్ ధరలను కూడా మొదటే చేర్చడం అవసరం. అవి లేని ప్రతిపాదన మంజూరైనా, కార్డు వాడుకకు రాకుండా అట్టపెట్టెలోనే మిగిలిపోయే అవకాశం ఉంది.